కండల కారుకు మలుపు నేర్పడం

(ద్వితీయ బి.యస్సీ., గణిత - భౌతిక - రసాయన శాస్త్రాల విద్యార్థి)

కారు పందెం అనగానే మనలో చాలామందికి గుర్తుకొచ్చేది సినిమాల్లో చూసిన దృశ్యమే. పదిపన్నెండు కార్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గంటకు రెండువందల కిలోమీటర్ల పైచిలుకు వేగంతో దూసుకుపోతూ వుంటాయి. అది కోట్లకు పడగలెత్తిన కంపెనీల వ్యవహారం. సామాన్యుడికి అందులో చోటులేదు. కాని అమెరికాలో ఉద్యోగాలు చేసుకునే మామూలు మనుషులు సెలవురోజున సరదాగా ఆడుకునే కారు పందెం మరొకటి వుంది. దాని పేరు ఆటోక్రాస్. ఇందులో కారు వేగం జాతీయ రహదారిమీద పోయే వాహనాల వేగాన్ని మించదు. అయినా ఆ పందానికి ఒక పాత కారును సిద్ధం చెయ్యాలంటే మన పాఠ్యపుస్తకంలోని ఘర్షణ, వృత్తాకార చలనం, గరిమనాభి - ఈ మూడు అధ్యాయాలూ క్షుణ్ణంగా రావాలి.

ఈ సంగతి నాకెలా తెలిసిందని పాఠకులకు సందేహం కలగవచ్చు. మా పెదనాన్నగారి అబ్బాయి అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. 1966 నాటి ఫోర్డ్ మస్టాంగ్ కారొకటి కొని రెండేళ్ళుగా దాన్ని ఆటోక్రాస్‌కు తయారు చేసుకుంటున్నాడు. వీలైనప్పుడల్లా ఫోనులో దాని అడుగుభాగం నాకు చూపిస్తాడు, నేను ఇక్కడ నోటుపుస్తకంలో లెక్కలు కడతాను. మాది వ్యవసాయ కుటుంబం. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నాకు తెలిసిన యంత్రాలు ట్రాక్టరూ, ఆయిలింజనూ మాత్రమే. "ఎన్ని గుర్రాల ఇంజను పెడుతున్నావు అన్నయ్యా?" అని మొదట్లో అడిగితే, "ఇంజను సంగతి ఆఖర్న చూద్దాంరా. ముందిది తిరగాలి, ఆగాలి" అన్నాడు. ఆ మాట వెనుక వున్న శాస్త్రాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మజిల్ కారు అంటే?

మజిల్ అంటే కండ. మధ్యరకం కారు శరీరంలో పెద్ద కారు ఇంజనును బిగిస్తే అది కండల కారు. 1964 మోడల్‌గా వచ్చిన పాంటియాక్ జి.టి.ఓ.తో ఈ ఒరవడి ఊపందుకుందని అంటారు. దాని ఇంజను 389 ఘనపుటంగుళాలు, అనగా సుమారు 6.4 లీటర్లు. మన మారుతి 800 ఇంజనుకు ఎనిమిది రెట్లు! అదే 1964 ఏప్రిల్‌లో ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్‌ను విడుదల చేసింది. రెండేళ్ళు తిరక్కుండానే పది లక్షల కార్లు తయారైనాయి. కొంచెం చిన్నది కాబట్టి దీన్ని పోనీ కారు, అంటే గుర్రప్పిల్ల కారు అని వేరుగా చెప్పేవారూ వున్నారు. జనం మాత్రం రెంటినీ ఒకే గాటన కడతారు.

ఈ కార్ల ధ్యేయం ఒక్కటే. ట్రాఫిక్ దీపం పచ్చబడగానే తిన్నగా పావుమైలు దూరం అందరికన్నా ముందు పోవడం. మలుపులూ బ్రేకులూ తర్వాతి సంగతి. 1970లో వచ్చిన వాయుకాలుష్య నివారణ చట్టం, పెరిగిపోయిన బీమా రుసుములు, 1973 నాటి చమురు సంక్షోభం - ఈ మూడూ కలిసి ఆ శకానికి తెరదించాయి. కార్లు మాత్రం మిగిలిపోయాయి.

పందెం తీరు

అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్ 1944లో ఏర్పడింది. వారు ఈ ఆటను 'సోలో' అని పిలుస్తారు, అంటే ఒంటరి పందెం. విశాలమైన పార్కింగు స్థలంలోనో, వాడకంలోలేని విమానాశ్రయం కాంక్రీటుమీదనో రబ్బరు కోన్లు పెట్టి వంకరటింకర బాట ఏర్పరుస్తారు. ఒక్కొక్క కారే బయల్దేరుతుంది. పోటీ గడియారంతోనే గాని పక్క కారుతో కాదు. ఒక పరుగు సుమారు ఒక నిమిషం. కోను ఒకటి పడగొడితే రెండు సెకన్లు కలుపుతారు. దారి తప్పితే ఆ పరుగు లెక్కలోకే రాదు. ఇచ్చిన అవకాశాల్లో మంచి సమయాన్ని తీసుకుంటారు. మద్రాసు దగ్గర షోలవరంలో కూడా ఒకప్పుడు పాత విమానాల బాటమీదనే కారు పందాలు జరిగేవి. అయితే అక్కడ కార్లన్నీ కలిసి పరుగెత్తేవి.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. పడిన కోన్లు నిలబెట్టడానికి కూలీలుండరు. ఈ గంట పందెంలో పాల్గొన్నవాడే మరుగంట ఎండలో నిలబడి ఇతరుల కోన్లు సర్దాలి. మా ఊళ్ళో ఊడ్పులప్పుడు ఒకరి చేలోకి ఒకరు బదులుకు పోయినట్టే.

నాలుగు అరచేతులు

ఇక అసలు విషయానికి వద్దాం. కారు ఎంత పెద్దదైనా భూమిని తాకేది నాలుగు టైర్లే. 1400 కిలోల మస్టాంగ్‌ను తీసుకోండి. సగటున ఒక్కో టైరుమీద 350 కిలోలు. టైర్లో గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు 2.2 కిలోలనుకుంటే, నేలను తాకే వైశాల్యం 350 ÷ 2.2, అంటే సుమారు 160 చదరపు సెంటీమీటర్లు. మన అరచేతి పాటి. కారు వేగం పుంజుకోవడం, ఆగడం, తిరగడం - అన్నీ ఈ నాలుగు అరచేతుల ఘర్షణ మీదనే ఆధారపడి వున్నాయి.

ఈ ఘర్షణ ఒక నిర్ణీతమైన మూలధనం లాంటిది. ఎటు ఖర్చుపెట్టినా మొత్తం మాత్రం పెరగదు. అయితే ఇవి సదిశలు కాబట్టి మామూలు కూడిక పనికిరాదు, పైథాగరస్ సూత్రం వాడాలి. మలుపుకు 80 శాతం వాడేస్తే బ్రేకుకు 20 కాదు, 60 శాతం మిగులుతుంది. 8 వర్గం, 6 వర్గం కలిపితే 10 వర్గం కదా! మలుపుకే నూటికి నూరూ వాడితే బ్రేకుకు మిగిలేది సున్నా. ఆ క్షణంలో బ్రేకు తొక్కినా, యాక్సిలరేటరు తొక్కినా కారు జారిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు మలుపుకు ముందే బ్రేకు వేసి, తిరుగుతూ దాన్ని మెల్లగా వదులుతారు.

ఇప్పుడొక మలుపు లెక్క చూద్దాం. వ్యాసార్థం 23 మీటర్లు, వేగం గంటకు 54 కిలోమీటర్లు, అనగా సెకనుకు 15 మీటర్లు. వేగం వర్గాన్ని వ్యాసార్థంతో భాగిస్తే త్వరణం 9.8 వస్తుంది. సరిగ్గా గురుత్వత్వరణమంత. అంటే కారు బరువెంతో అంత బలంతో టైర్లు దాన్ని పక్కకు లాగాలి. ఘర్షణ గుణకం ఒకటికి చేరితే తప్ప ఇది సాధ్యంకాదు. ఇదే మలుపులో వేగం 65 కిలోమీటర్లకు పెంచితే కావలసిన బలం 1.4 రెట్లు దాటుతుంది. వేగం అయిదోవంతు పెరిగితే బలం సుమారు నలభై అయిదు శాతం పెరిగిందన్నమాట. వర్గం చేసే పని అది.

బరువు ఎటు పోతుంది?

మలుపులో బస్సులోని ప్రయాణీకులు పక్కకు ఒరిగినట్టే కారు బరువు కూడా బయటివైపు చక్రాలమీదికి మొగ్గుతుంది. ఎంత మొగ్గుతుందో చెప్పే సూత్రం చాలా తేలిక. కారు బరువును గరిమనాభి ఎత్తుతో గుణించి, ఎడమ కుడి చక్రాల మధ్య ఎడంతో భాగించాలి. మనం చెప్పుకున్న మలుపులో గరిమనాభి అర మీటరు ఎత్తున, చక్రాల ఎడం 1.4 మీటర్లు అనుకుంటే 500 కిలోలు వస్తుంది. తిన్నగా పోయేటప్పుడు రెండు పక్కలా 700 కిలోలున్నది కాస్తా మలుపులో బయటివైపు 1200, లోపలివైపు 200 అయింది.

మొత్తం 1400 అలాగే వుంది గదా, నష్టమేమిటని మీరు అడగవచ్చు. పాఠ్యపుస్తకం ప్రకారం ఘర్షణ గుణకం బరువుమీద ఆధారపడదు. కాని రబ్బరు టైరు ఆ నియమాన్ని పూర్తిగా పాటించదు. బరువు పెరిగేకొద్దీ దాని గుణకం కొంచెం కొంచెం తగ్గుతుంది. నాలుగు టైర్లూ సమంగా మోస్తే వచ్చే పట్టు, రెండే అధికంగా మోస్తే రాదు. కాడికి కట్టిన రెండెద్దుల్లో ఒకటి లాగడం మానేస్తే రెండోది రెండింతలు లాగలేదు కదా. కాబట్టి కారు ఎత్తు నాలుగు సెంటీమీటర్లు దించి, చక్రాల ఎడం ఆరు సెంటీమీటర్లు పెంచితే 500 కిలోల మొగ్గు 441కి దిగుతుంది. ఇంజనులో ఒక్క మరకూడా కదపకుండా సంపాదించిన లాభమిది.

ఈ సూత్రం చదివినప్పుడు నా మనసు అమెరికాలో లేదు, మా ఊరి పంటకాలువ గట్టుమీద వుంది. మూడేళ్ళ క్రితం అక్కడ ట్రాక్టరు తిరగబడి, మాకు వరసకు బాబాయి అయ్యే ఒకాయన దాని కింద పడి చనిపోయారు. "తలరాత" అన్నారు కొందరు, "నిద్రమత్తు" అన్నారు ఇంకొందరు. లెక్క వేరే మాట చెబుతున్నది. చక్రాల ఎడాన్ని గరిమనాభి ఎత్తుకు రెట్టింపుతో భాగించి చూడండి. మస్టాంగ్‌కు 1.4 వస్తుంది. టైరు పట్టు ఒకటి దగ్గరే తెగిపోతుంది కాబట్టి చదునైన నేలమీద ఆ కారు తిరగబడేలోపే జారిపోతుంది. ట్రాక్టరు గరిమనాభి 80 సెంటీమీటర్ల ఎత్తున వుందనుకుంటే, అదే ఎడానికి 0.88 కూడా రాదు. దానికి గట్టు వాలు తోడైతే ఆ అంకె ఇంకా పడిపోతుంది. అది జారకుండానే తిరగబడుతుంది. కొత్త ట్రాక్టర్లకు తిరగబడినా డ్రైవరును కాపాడే ఉక్కు చట్రం వుండి తీరాలని స్వీడన్ దేశం 1959లోనే చట్టం చేసింది. పందెం కారులో బిగించే ఉక్కు చట్రం ఉద్దేశం కూడా అదే. అక్కడ ఆటకోసం జాగ్రత్త పడుతున్నారు, ఇక్కడ కూటికోసం బండెక్కినవాడికి ఆ జాగ్రత్త లేదు.

ఏది ముందు, ఏది వెనుక?

పాత కారును సిద్ధం చెయ్యడంలో వరస చాలా ముఖ్యం. ఎందుకంటే డబ్బు ఎవరికైనా కొద్దిగానే వుంటుంది.

మొదటిది తుప్పు. మస్టాంగ్‌కు లారీ మాదిరి విడిగా ఛాసిస్ లేదు. రేకులతో చేసిన శరీరమే ఛాసిస్. ముందు అద్దం కింద గాలికోసం వదిలిన సందులోంచి వాననీరు దిగి లోలోపల తినేస్తుంది. పునాది ఊగే ఇంటికి రంగులు వేసి ఏం లాభం? ముందు రేకు కోసి కొత్త రేకు వెల్డింగు చెయ్యాలి. స్ప్రింగులు మోసే రెండు పక్కల బురుజులనూ కలుపుతూ ఇంజనుపైన ఉక్కు కడ్డీలు బిగిస్తారు. శరీరం మెలితిరిగితే చక్రాల కోణాలు నిలవవు.

రెండవది ప్రాణరక్షణ. 1966 మోడల్ వరకు ఈ కారు బ్రేకు మాస్టర్ సిలిండరులో ఒకే గది వుండేది. ఒక్క గొట్టం చిట్లితే నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. 1967 నుంచి రెండు గదులు వచ్చాయి. పాతదాన్ని తీసి అటువంటిది బిగించడం మొదటి పని. మామూలు మోడల్లో నాలుగూ డ్రమ్ము బ్రేకులే. వరసగా పదిసార్లు తొక్కితే వేడెక్కి పట్టు సడలుతుంది. కనీసం ముందు చక్రాలకైనా డిస్కు బ్రేకులు కావాలి. పెట్రోలు ట్యాంకు పైభాగమే సామాను పెట్టె అడుగు కాబట్టి, దానికీ మనుషులు కూర్చునే చోటుకూ మధ్య ఇనుప రేకు గోడ కట్టాలి. నడుము బెల్టు మాత్రమే వున్నచోట భుజాల బెల్టులు అమర్చాలి.

మూడవది టైర్లు. అప్పటి చక్రాలు నాలుగున్నర, అయిదు అంగుళాల వెడల్పువి. ఇప్పుడు పదిహేడు అంగుళాల వ్యాసం, ఎనిమిది అంగుళాల వెడల్పు గల చక్రాలు వేసుకుంటున్నారు. అమెరికాలో టైరు పక్కన అరుగుదల సూచించే అంకె ఒకటి అచ్చువేస్తారు. అంకె తగ్గేకొద్దీ రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ, ఆయువు తక్కువ. పాత అమెరికన్ కార్లకోసం ఆ క్లబ్‌వారు ప్రత్యేక తరగతి పెట్టినప్పుడు, ఈ అంకె 200కు తగ్గరాదని నియమం చేశారు. లేకపోతే ధనవంతుడు పందేనికొక జత టైర్లు కొని గెలుస్తాడు.

నాలుగవది ముందు చక్రాల అమరిక. ఇక్కడొక చక్కని సంగతి చెప్పాలి. మస్టాంగ్ శరీరం మలుపులో ఒరిగినప్పుడు బయటి చక్రం కూడా దానితోపాటే బయటికి వాలి, టైరు అంచుమీద నిలబడుతుంది. అప్పుడు మన అరచేయి కాస్తా రెండు వేళ్ళయిపోతుంది. ఫోర్డ్ కంపెనీ ఇంజనీరు క్లాస్ ఆర్నింగ్ దీనికి ఒక ఉపాయం చెప్పాడు. పైచెయ్యి బిగించే చోటును ఒక అంగుళం కిందికి దించితే, కారు ఒరిగినా చక్రం నేలమీద మరింత నిలువుగా వుంటుంది. 1965లో కరోల్ షెల్బీ తయారుచేసిన జి.టి. 350 కార్లలో ఇది అమలైంది. కావలసిందల్లా కొలత తప్పకుండా పక్కకు రెండేసి రంధ్రాలు వెయ్యడం. ఒక డ్రిల్లు, ఒక పగటిపూట పని. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభమిచ్చే మార్పు ఈ కారులో మరొకటి లేదని అంటారు. దీనితోపాటు గట్టి స్ప్రింగులూ, మంచి షాక్ అబ్జార్బర్లూ, ఒరుగుడు తగ్గించే లావుపాటి కడ్డీ, తక్కువ చుట్లతో తిరిగే స్టీరింగు పెట్టే వేస్తారు.

అయిదవది వెనుక ఇరుసు. మన లారీల మాదిరే ఈ కారు వెనుక కూడా ఒకే ఇరుసు, కమాను కట్టలు. మామూలు డిఫరెన్షియల్‌తో మలుపులో లోపలి చక్రం తేలికపడి ఊరికే గిరగిరా తిరుగుతుంది, బయటి చక్రానికి పని అందదు. బురదలో ఒక చక్రం జారుతున్నప్పుడు ట్రాక్టరు డ్రైవరు డిఫరెన్షియల్ లాక్ పెడలు తొక్కడం మనం చూసేవుంటాం. అయితే ఆ లాక్ పూర్తిగా బిగిసిపోతే కారు మలుపు తిరగదు. అందుకని జారుడును కొంతవరకే అనుమతించే రకం వాడతారు.

ఆరవది బరువు సర్దడం. ఎద్దుల బండికి ముందు బరువైతే ఎద్దుల మెడలు కాస్తాయి, వెనుక బరువైతే కాడి పైకి లేస్తుంది. ఈ కారుకు ముందు బరువెక్కువ. బ్యాటరీని వెనుక సామాను పెట్టెలోకి మారుస్తారు. పోత ఇనుముతో చేసిన ఇంజను పైభాగాలు తీసి అల్యూమినియంవి వేస్తారు.

ఇంజను ఎందుకు చివర?

1965 - 66లో మస్టాంగ్‌కు ఇచ్చిన 289 ఘనపుటంగుళాల ఇంజను రకాన్నిబట్టి 200 నుంచి 271 అశ్వశక్తి అని కంపెనీ ప్రకటించింది. అన్నిటికన్నా చిన్నది 200 అనుకుందాం. కారు గట్టిగా ముందుకు దూకినప్పుడు వెనుక చక్రాలమీద 750 కిలోల బరువు పడుతుందనుకోండి. గుణకం ఒకటైతే అవి నెట్టగలిగే అత్యధిక బలం సుమారు 7350 న్యూటన్లు. శక్తి అంటే బలం, వేగాల లబ్ధం. సెకనుకు 15 మీటర్ల వేగం దగ్గర 7350 × 15, అంటే 110 కిలోవాట్లు, సుమారు 148 అశ్వశక్తి. అంతకు మించి ఎంత పోసినా టైరు పొగ రూపంలో పోవలసిందే. ఇదంతా కారు తిన్నగా పోతున్నప్పటి మాట. మలుపులో వుంటే ఇంకా తక్కువే చాలు.

ఆ రోజుల్లో కంపెనీలు ఫ్యానూ, సైలెన్సరూ వంటివి విప్పి కొలిచేవి కాబట్టి చక్రాల దగ్గరకు చేరేది ప్రకటించినదానికంటే తక్కువే. అయినా టైర్లు మొయ్యగలిగినంత శక్తిని ఆ చిన్న ఇంజనే ఇంచుమించుగా ఇస్తున్నది. పెద్ద ఇంజను తెచ్చి పెడితే ముందు బరువు పెరుగుతుంది, మలుపు పాడవుతుంది, జేబు ఖాళీ అవుతుంది. కండలు పెంచడం సులువే, కాళ్ళకు పట్టు తేవడమే కష్టం.

ముగింపు

కొత్త కారు కొని కొన్ని నెలల్లోనే గెలిచేవారు ఆటోక్రాస్‌లోనూ వున్నారు. మరి పాతదానితో ఎందుకీ పాట్లు? కొత్త కారులో కంప్యూటరు మన తప్పును మనకు తెలియనివ్వకుండా సర్దేస్తుంది. పాత కారులో ప్రతి తప్పూ చేతికీ నడుముకూ తెలుస్తుంది. ఒక అంగుళం దించిన రంధ్రం ఫలితం వచ్చే పందెంలోనే గడియారం ముల్లు చెబుతుంది. ప్రయోగశాలలో మనం నేర్చుకునేది కూడా ఇదే గదా - ఒక్కసారికి ఒక్కటే మార్చు, కొలిచి చూడు, రాసిపెట్టు.

మన కళాశాల విద్యార్థుల్లో పల్లెటూళ్ళనుంచి వచ్చినవారే ఎక్కువ. మనలో మస్టాంగ్ కొనేవాళ్ళు వుండకపోవచ్చు. కాని ట్రాక్టరు, ట్రక్కు, ఆటో నడిపే అన్నదమ్ములు ప్రతి ఇంటా వున్నారు. సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు టేపు ఒకటి తీసుకుని మీ ట్రాక్టరు చక్రాల ఎడం కొలవండి. వెనుక చక్రాలను బయటికి జరిపి బిగించుకునే వీలు చాలా ట్రాక్టర్లకు వుంటుంది. గట్టుమీద వేగం సగానికి తగ్గిస్తే మలుపులో పక్కకు లాగే బలం సగం కాదు, నాలుగోవంతు అవుతుందని వర్గం లెక్క వేసి చూపండి. మన భౌతికశాస్త్ర సంఘంవారు కూడా వచ్చే ఏడాది ఒక ఆదివారం ఏదైనా గ్రామంలో నల్లబల్ల పెట్టి ఈ లెక్క వివరిస్తే బాగుంటుందని నా మనవి. టేపు నేను తెస్తాను.